రాబందుకు ఒక ఫోటో

ఈ మధ్య మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పాత ఫోటో చూపించాను. 1986 మార్చిలో, నేను పదో తరగతి చదువుతున్నప్పుడు, వీడ్కోలు సభ రోజున తీసిన గ్రూపు ఫోటో. ముందు కుర్చీలలో మా మాస్టార్లు, వెనుక నేల మీద ఒక వరుస, బెంచీలెక్కి ఇంకో వరుస. "ఇందులో నేనెవరో చెప్పండి" అని చేతికిచ్చాను. చెప్పారు. చెప్పి నవ్వుకున్నారు కూడా. అప్పట్లో నాకు తలనిండా జుట్టుండేది మరి!

అంతలో వెనుక బెంచీ అమ్మాయి ఒకరు లేచి, "సార్, మీ వెనకాల తాటిచెట్టు మీద ఏంటి సార్ అవి? గోనె సంచులా?" అని అడిగింది.

నలభై ఏళ్ళుగా ఆ ఫోటో నా దగ్గరే ఉంది. నేనెప్పుడూ మా ముఖాలే చూసుకున్నాను తప్ప తాటిచెట్టు వంక చూడలేదు. భూతద్దం పెట్టి చూస్తే తాటిమట్టల మధ్య మెడలు లోపలికి ముడుచుకుని కూర్చున్న మూడు నల్లని ఆకారాలు కనిపించాయి. రాబందులు!

"మీలో రాబందును కళ్ళారా చూసినవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. ఒక అబ్బాయి మాత్రం సినిమాలో చూశానన్నాడు. అదీ నిజమే. ఎండిన చెట్టు, దాని కొమ్మ మీద రాబందు కనిపించాయంటే తరువాత విలన్ వస్తున్నాడని మనకు సినిమా నేర్పింది.

మా ఊళ్ళో రాబందును చూడాలంటే సినిమా అక్కర్లేదు. చచ్చిన పశువులను ఊరి బయట చెరువుగట్టు వెనుక పడేసేవారు. ఉదయం బడికి వెళ్తూ చూసిన ఎద్దు సాయంత్రం తిరిగొచ్చేసరికి తెల్లని ఎముకల గూడుగా మిగిలేది. వాసన కూడా ఉండేది కాదు. ఆ పక్షులను రోజూ చూశాం, రాళ్ళు కూడా విసిరాం. కానీ ఒక్క ఫోటో అయినా తీసినవారు మా ఊళ్ళో లేరు. ఫిలిం రీలులో 36 బొమ్మలే వచ్చే రోజులు. పెళ్ళిళ్ళకే చాలవు, రాబందుకెవరు ఖర్చు పెడతారు? అందుకే ఆ మూడు పక్షులూ స్టూడియో ఆయనకు తెలియకుండా మా వెనుక పడ్డ బొమ్మలో మాత్రమే మిగిలాయి.

ఫోటోను కంప్యూటరులో పెద్దది చేసి చూశాం. అవి ఏ జాతి రాబందులో తేలలేదు. తల రంగు కనపడదు, ముక్కు కనపడదు, రెక్కల కింద తెలుపుందో లేదో తెలియదు. అయితే ఎలాంటి ఫోటో తీస్తే తెలుస్తుంది? పిల్లలు అడిగిన ఆ ప్రశ్న నుంచే ఈ పాఠం పుట్టింది.

బోడితల, కోపపు చూపు

ముందుగా ఒక మాట. రాబందు అసహ్యంగా ఉంటుందని అనుకున్నది మనం మాత్రమే కాదు. డార్విన్ అంతటివాడు కూడా 'బీగిల్' ఓడ ప్రయాణంలో అమెరికా ఖండపు టర్కీ రాబందును చూసి, రోత పుట్టించే పక్షి అని రాసుకున్నాడు. కాకపోతే ఆయన డార్విన్ కదా! ఆ ఎర్రని బోడితల కుళ్ళిన మాంసంలో దూర్చడానికే అలా ఏర్పడిందని కూడా అదే వాక్యంలో గమనించాడు.

ఆ తలనుంచే మొదలుపెడదాం. కళేబరం లోపలికి తలదూర్చి తినే పక్షికి తలనిండా ఈకలుంటే రక్తం, మాంసం అంటుకుని గట్టకట్టిపోతాయి. ముక్కుతో శుభ్రం చేసుకుందామంటే తన తలను తన ముక్కు అందుకోలేదు. అందుకని తల మీద, మెడ మీద పొట్టి నూగు తప్ప పెద్ద ఈకలు లేవు. ఉన్న కొద్ది సూక్ష్మజీవులనూ ఎండ మాడ్చేస్తుంది. శాస్త్రజ్ఞులు ఇంకో సంగతి కూడా గమనించారు. ఆ బోడి మెడ ఉష్ణోగ్రతను అదుపు చేసే కిటికీలా కూడా పనిచేస్తుంది. ఎండగా ఉన్నప్పుడు మెడ బాగా సాచి వేడిని బయటికి వదులుతుంది. చలివేస్తే మెడను కుదించి భుజాల మధ్య ఉన్న ఈకల పట్టీలో దాచుకుంటుంది. మా ఫోటోలో అవి గోనె సంచుల్లా కనిపించడానికి కారణం అదే. మార్చి నెల ఉదయం, ఇంకా చల్లగా ఉన్న వేళ తీసిన ఫోటో అది.

ఆ కోపపు చూపు సంగతి చూడండి. రాబందు కంటిపైన ఎముక గట్టులా ముందుకు పొడుచుకుని ఉంటుంది. అందువల్ల అది ఎప్పుడూ మనమీద అలిగినట్టే కనబడుతుంది. నిజానికి అది ఎండకు అడ్డం. ఎండలో దూరంగా చూడాలంటే మనం కళ్ళపైన అరచెయ్యి పెట్టుకోమూ? ఫోటోగ్రాఫర్లు కెమెరా కటకం ముందు నల్లని గొట్టం తగిలించరూ? రాబందు పుట్టుకతోనే ఆ గొట్టంతో వచ్చింది. గంటల తరబడి ఎండలో ఎగురుతూ నేలను వెతికే పక్షికి సూర్యుడు కంట్లో పడకూడదు. దీనికి మూల్యం కూడా ఉంది. తల కిందికి వంచి వెతుకుతున్నప్పుడు ఎదురుగా ఏముందో దానికి కనపడదని 2012లో పరిశోధకులు కొలిచి చెప్పారు. అందుకే గాలిమరలకూ కరెంటు తీగలకూ ఢీకొని చనిపోతుంటాయి. లక్షల ఏళ్ళుగా ఆకాశంలో దానికి అడ్డం వచ్చినదేమీ లేదు మరి.

రామాయణం చదివినవాళ్ళకు సంపాతి గుర్తుండే ఉంటాడు. సముద్రం ఇవతల కూర్చుని లంకలో ఉన్న సీతను చూసి వానరులకు చెప్పింది ఆయనే, జటాయువు అన్నగారు. ఆ కథ చెప్పినవారు రాబందు చూపును బాగా గమనించి ఉంటారని నా నమ్మకం. మన దేశపు రాబందులు ఆహారాన్ని వాసనతో కాదు, చూపుతోనే వెతుకుతాయి. అంతేకాదు, ఒక రాబందు నేలను చూస్తుంటే దూరంలో ఎగిరే ఇంకో రాబందు ఈ రాబందును చూస్తుంటుంది. ఒకటి కిందికి వాలితే చుట్టుపక్కల ఆకాశమంతా కబురు అందినట్టే.

రంగుల మాట కూడా చెప్పుకుందాం. మన దేశంలో 9 జాతుల రాబందులున్నాయి. వాటిలో ఎర్రతల రాబందును దగ్గరగా తీసిన ఫోటో ఒక్కసారి చూడండి. నల్లని ఒళ్ళు, కుంకుమలో ముంచినట్టున్న తల, చెవుల దగ్గర వేలాడే ఎర్రని చర్మపు మడతలు, ఛాతీ పక్కన తెల్లని మచ్చలు. మగదానికి కనుపాప చుట్టూ తెలుపు, ఆడదానికి ముదురు గోధుమ. అంటే కన్ను స్పష్టంగా పడిన ఫోటో ఉంటే ఆడో మగో కూడా చెప్పవచ్చు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది తెల్ల రాబందు. పాత పుస్తకాలలో దీన్ని తెల్ల బొరవ అన్నారు. ఒళ్ళంతా తెలుపు, ఎగిరేటప్పుడు రెక్కల అంచులు నలుపు, ముఖం మాత్రం పచ్చని పసుపు. ఆ పసుపు ఎక్కడిదో తెలుసా? పేడ నుంచి! పచ్చగడ్డి తిన్న పశువుల పేడలో లూటీన్ అనే కెరోటినాయిడ్ రంగు పదార్థం మిగిలి ఉంటుంది. పేడ తిన్న తెల్ల రాబందు ఆ రంగును ముఖ చర్మంలోకి చేర్చుకుంటుందని స్పెయిన్ శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించారు. మన అమ్మమ్మలు పసుపుకొమ్ము అరగదీసి ముఖానికి రాసుకున్నారు. ఇది పేడకుప్ప దగ్గర ఆ పని కానిస్తుంది. మా తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడు "ఛీ!" అన్నవాళ్ళే, ఫోటో చూపించాక "బాగుంది సార్" అన్నారు.

ఈ తెల్ల రాబందు తెలివిని లోకానికి తెలియజేసింది కూడా ఒక ఫోటోగ్రాఫరే. 1966లో జేన్ గుడాల్, ఆమె భర్త హ్యూగో వాన్ లావిక్ అనే ఫోటోగ్రాఫర్ తూర్పు ఆఫ్రికాలో ఈ పక్షి నిప్పుకోడి గుడ్డును పగలగొట్టడం చూశారు. గుడ్డు పెంకు ముక్కుకు లొంగదు. పక్షి వెళ్ళి ముక్కుతో ఒక రాయి తెచ్చి, తల పైకెత్తి గుడ్డు మీదికి విసిరింది. పగిలేదాకా మళ్ళీ మళ్ళీ విసిరింది. పనిముట్టు వాడే జంతువులు చాలా అరుదని అనుకుంటున్న రోజులవి. 'నేచర్' పత్రికలో ఆ సంగతి వెలువడింది.

ఓర్ఛాలో నేను చేసిన తప్పులు

ఇన్ని చెప్పిన నేను రాబందును ఫోటో తీయడం ఎప్పుడు నేర్చుకున్నాను? యాభై దాటాక. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి సెలవులకు మా తమ్ముడి కొడుకు దగ్గర కెమెరా, 300 మి.మీ. కటకం అరువు తీసుకుని మధ్యప్రదేశ్‌లోని ఓర్ఛాకు వెళ్ళాను. ఝాన్సీలో రైలు దిగితే దగ్గరే. బేత్వా నది ఒడ్డున బుందేలా రాజుల సమాధి మందిరాలు బారులు తీరి ఉంటాయి. వాటి గూళ్ళలో, శిఖరాల అంచుల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కడతాయి. మామూలుగా ఇవి ఎత్తయిన కొండ చరియలు వెతుక్కుంటాయి. వాటికి ఆ రాతి గోపురాలు కూడా కొండలే. కింద యాత్రికులు టీ తాగుతుంటారు, పైన రాబందు పిల్లను పెంచుతుంటుంది.

మొదటి రోజు తీసిన ఫోటోలన్నీ నల్లగా వచ్చాయి. ఆకాశం బ్రహ్మాండంగా ఉంది, పక్షి మాత్రం బొగ్గు ముక్క. ఎందుకని? కెమెరాకు ఎదుట ఉన్నది పక్షో ఆకాశమో తెలియదు. చట్రంలోకి వచ్చిన వెలుతురంతా కొలిచి, ఆ మొత్తం ఒక మధ్యరకం బూడిదరంగుగా ఉండాలని లెక్క కడుతుంది. చట్రంలో ఎక్కువ భాగం మెరిసే ఆకాశమే కాబట్టి "అమ్మో, వెలుతురు ఎక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. దానితో పక్షి నల్లబడుతుంది. అప్పుడు కెమెరా లెక్క మీద ఒకటో ఒకటిన్నరో మెట్టు వెలుతురు మనమే పెంచాలి. సెల్‌ఫోనులో అయితే తెర మీద పక్షిని వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకి జరపాలి.

ఇక్కడ మీకో చిక్కు ప్రశ్న. గోడ మీది కాకిని చట్రమంతా నిండేటట్టు దగ్గరగా తీస్తున్నారు. వెలుతురు పెంచాలా, తగ్గించాలా? చట్రమంతా నలుపే కదా! కెమెరా "చీకటిగా ఉంది" అనుకుని పెంచేస్తుంది, కాకి బూడిదరంగులో వెలిసిపోతుంది. కాబట్టి తగ్గించాలి. తెల్ల రాబందు చట్రం నిండా ఉంటే పెంచాలి. పక్షి రంగు ఒక్కటే చూస్తే చాలదు, చట్రంలో ఏది ఎక్కువ ఉందో చూడాలి.

రెండో తప్పు మధ్యాహ్నం చేశాను. నదికి అవతలి ఒడ్డున రాతిబండ మీద అయిదారు రాబందులు వాలాయి. ఎంతో జాగ్రత్తగా ఫోకస్ చేశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ నీళ్ళలోంచి తీసినట్టు అలలు అలలుగా ఉన్నాయి. కటకం పాడైందేమోనని భయపడ్డాను, అది నాది కాదు కదా! తరువాత అర్థమైంది. వేడెక్కిన రాళ్ళు పైనున్న గాలిని వేడెక్కిస్తాయి. వేడిగాలి తేలికై పైకి లేస్తుంది, చల్లగాలి కిందికి దిగుతుంది. ఇదే మీరు చదువుకున్న సంవహనం. వేడిగాలి, చల్లగాలి కాంతిని వేర్వేరుగా వక్రీభవనం చేస్తాయి కనుక వాటి గుండా వచ్చిన బొమ్మ వణుకుతుంది.

తమాషా ఏమిటంటే, నా ఫోటోలను పాడుచేసిన ఆ వేడిగాలే రాబందును ఆకాశానికి ఎత్తేది. అయిదారు కిలోల బరువు, రెండు మీటర్లకు పైబడిన రెక్కలు ఉన్న పక్షి రెక్కలు ఆడిస్తూ రోజంతా ఎగరాలంటే దానికి తిండి చాలదు. అందుకే పొద్దెక్కి నేల వేడెక్కేదాకా చెట్టు మీదో రాయి మీదో కూర్చుంటుంది. పైకి లేచే గాలి స్తంభం దొరకగానే రెక్కలు చాచి అందులో సుడులు తిరుగుతూ పైకి పోతుంది. అక్కడినుంచి జారుకుంటూ ఇంకో గాలి స్తంభానికి చేరుతుంది. రెక్క కొసల్లో ఈకలు చేతివేళ్ళలా విడివిడిగా ఉండటం గమనించండి. రెక్క కొస దగ్గర గాలి సుడి తిరిగి వెనక్కి లాగుతుంది. ఆ పెద్ద సుడిని ఈ 'వేళ్ళు' చిన్న చిన్న సుడులుగా చీల్చి ఆ లాగుడును తగ్గిస్తాయి. 1973లో పశ్చిమ ఆఫ్రికాలో అబిజాన్ నగరం మీద ఒక విమానం ఢీకొన్న రాబందు ఎంత ఎత్తులో ఉందో తెలుసా? 11 కిలోమీటర్ల పైన! ఎవరెస్టు కంటే ఎత్తు. అది రూపెల్ రాబందు అని విమానంలో దొరికిన ఈకలను బట్టి తేల్చారు.

కాబట్టి రాబందుల ఫోటోకు మంచి సమయం ఉదయమే. గాలి నిలకడగా ఉంటుంది, పక్షి కదలక కూర్చుని ఉంటుంది, ఎండ ఏటవాలుగా పడుతుంది. మూడో రోజు ఆరున్నరకే వెళ్ళి, సూర్యుడిని వీపు వెనుక ఉంచుకుని కూర్చున్నాను. ఏడు దాటాక మొదటి కిరణాలు శిఖరం మీద పడ్డాయి. అక్కడి రాబందు రెండు రెక్కలూ పూర్తిగా చాచి ఎండకు పెట్టింది. దుప్పటి ఆరేసినట్టు! మెడ చుట్టూ ఉన్న తెల్లని నూగు పట్టీలో ఒక్కొక్క పోగూ వెలిగింది. కంట్లో చిన్న వెలుగు చుక్క మెరిసింది. ఆ చుక్క పడని ఫోటోలో పక్షి బొమ్మలా ఉంటుంది, పడితే ప్రాణం ఉన్నట్టుంటుంది. కాసేపటికి దాని జంట వచ్చి పక్కన వాలి, ముక్కుతో దాని తలనూ మెడనూ మెల్లగా సవరించింది. తన ముక్కు అందని చోటును ఇంకొకరి ముక్కు అందుకుంటుందన్న మాట! ఆ ఒక్క ఫోటో కోసం రెండు రోజుల తప్పులను నేను మరచిపోయాను.

కొన్ని లెక్కలు

రెండు మీటర్ల రెక్కల పక్షి 200 మీటర్ల దూరంలో ఉంది. 300 మి.మీ. నాభ్యంతరం గల కటకం దాని బొమ్మను ఎంత పెద్దదిగా చేస్తుంది? సరూప త్రిభుజాలు గీసి చూడండి. 2 ను 300 తో గుణించి 200 తో భాగిస్తే 3 మి.మీ. వస్తుంది. లోపలి తెర 36 మి.మీ. వెడల్పున్న కెమెరాలో అది పన్నెండో వంతు. సెల్‌ఫోను కటకం నాభ్యంతరం 6 మి.మీ. అనుకుంటే బొమ్మ 0.06 మి.మీ. మాత్రమే. అందుకే ఫోనులో రాబందు ఈగలా కనిపిస్తుంది. బైనాక్యులర్స్ ఉంటే దాని కంటి కటకానికి ఫోనును ఆనించి తీయండి. చెయ్యి వణకకుండా గోడ మీదో బియ్యం సంచి మీదో ఆనించుకుంటే మరీ మంచిది.

రెండో లెక్క. గద్ద సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎగురుతోందనుకుందాం. కెమెరా ద్వారం సెకనులో అరవయ్యో వంతు తెరుచుకుంటే ఆలోగా గద్ద దాదాపు 17 సెం.మీ. కదిలిపోతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. వెయ్యో వంతు మాత్రమే తెరిస్తే కదిలేది ఒక సెంటీమీటరే. ఎగిరే పక్షికి ఇదే మేలు.

గద్ద అని ఊరికే అనలేదు. మీ ఊళ్ళో రాబందు లేకపోవచ్చు కానీ గద్ద, కాకి ఉన్నాయి. చేపల బజారు దగ్గరో మాంసం దుకాణం దగ్గరో నిలబడితే చాలు. తోక చివర చీలినట్టుంటే నల్ల గద్ద. తల, ఛాతీ తెల్లగా, మిగతా ఒళ్ళు ఇటుక ఎరుపుగా ఉంటే కృష్ణగద్ద, అంటే మనం గరుడపక్షి అని దణ్ణం పెట్టేది. అదీ చచ్చిన చేపలు తినేదే! ఒకే పని చేసే పక్షుల్లో ఒకదానికి దణ్ణం పెట్టి, ఇంకొకదానికి రాయి విసురుతాం. కాకినైతే అసలు చూడనే చూడం. ఉదయపు ఏటవాలు ఎండలో కాకి రెక్కను ఒకసారి ఫోటో తీసి చూడండి. నలుపులో నీలం, ఊదా, కొంచెం ఆకుపచ్చ కనిపిస్తాయి. అవి రంగు పదార్థాలు కావు. సబ్బు బుడగ మీద రంగుల మాదిరి, ఈక నిర్మాణం వల్ల కాంతి చేసే మాయ.

మూడు పక్షులు ఏమైపోయాయి?

మా ఫోటోలోని రాబందుల కథ చెప్పకుండా ముగించలేను. 1980లలో మన దేశంలో రాబందులు కోట్లలో ఉండేవి. 1990లలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ అభయారణ్యంలో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రజ్ఞుడు విభు ప్రకాశ్, చెట్ల మీద మెడలు వేలాడేసుకుని కూర్చుని, తరువాత చచ్చి రాలిపోతున్న రాబందులను గమనించారు. 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందులు నూటికి 99.9 వంతులు తగ్గిపోయాయి. అంటే వెయ్యికి ఒకటి మిగిలింది! పొడుగు ముక్కు రాబందులు కూడా నూటికి 97 వంతులు పోయాయి.

ఏ రోగమో అని ఏళ్ళ తరబడి వెతికారు. 2004లో లిండ్సే ఓక్స్ అనే శాస్త్రజ్ఞుడి బృందం పాకిస్తాన్‌లో చచ్చిన రాబందులను పరీక్షించి కారణం కనిపెట్టింది. అది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. కుంటి ఎద్దుకో జ్వరమొచ్చిన ఆవుకో ఆ సూది వేస్తారు. పశువు చనిపోతే మందు మాంసంలో ఉండిపోతుంది. అది తిన్న రాబందుకు మూత్రపిండాలు పాడై, యూరిక్ ఆమ్లం తెల్లని సున్నంలా అవయవాల మీద పేరుకుని, కొద్ది రోజుల్లోనే చనిపోతుంది. వంద కళేబరాలలో ఒక్కదానిలో కంటే తక్కువగా ఈ మందు ఉన్నా జాతి నాశనానికి చాలునని లెక్క తేలింది. ఒక్క కళేబరం దగ్గరికి ఎన్ని రాబందులు చేరతాయో తలచుకుంటే ఇందులో ఆశ్చర్యం లేదు.

కుళ్ళిన మాంసంలోని భయంకరమైన సూక్ష్మజీవులను అరిగించుకునే పక్షి ఇది. దాని జీర్ణాశయంలోని ఆమ్లం పి.హెచ్. 1 దగ్గర ఉంటుంది. 2014లో అమెరికా రాబందుల ముఖం మీద సగటున 528 రకాల సూక్ష్మజీవులు కనిపిస్తే, పేగుల్లో మిగిలినవి 76 రకాలే. అంతటి వడపోత! అలాంటి పక్షి, మనం నొప్పికి వేసుకునే మందును తట్టుకోలేకపోయింది.

రాబందులు పోయాక కళేబరాలు కుక్కల పాలయ్యాయి, కుళ్ళి నీళ్ళలో కలిశాయి. రాబందులు లేకపోవడం వల్ల 2000 నుంచి 2005 వరకు మన దేశంలో అదనంగా అయిదు లక్షల మంది చనిపోయి ఉంటారని ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞులు 2024లో అంచనా వేశారు. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారయ్యే పెద్ద సీసాలను పశువులకు వాడుతున్నారని తెలిసి, 2015లో సీసా పరిమాణాన్ని 3 మి.లీ.కు కుదించింది. కీటోప్రొఫెన్, అసెక్లోఫెనాక్ మందులను 2023లో పశువులకు నిషేధించింది. మెలాక్సికామ్ రాబందుకు హాని చేయదు. మీ ఇంట్లో పశువులుంటే డాక్టరుగారు ఏ సూది వేస్తున్నారో పేరు అడిగి రాసుకోండి.

చాలా జాతుల రాబందులు ఏడాదికి పెట్టేది ఒకే గుడ్డు. పిల్ల పెద్దదై తాను గుడ్డు పెట్టడానికి సుమారు అయిదేళ్ళు పడుతుంది. పోయినంత వేగంగా తిరిగి రావడం సాధ్యం కాదు. హర్యానాలోని పింజోర్‌లోనూ, మన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ రాబందుల పెంపక కేంద్రాలు పెట్టారు. తెలంగాణలో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెడుతున్నట్టు 2013లో గుర్తించినప్పుడు పక్షి ప్రేమికులకు పండుగే అయింది.

అందుకే ఫోటో తీసేటప్పుడు కొన్నిటికి మాత్రం నేను ఒప్పుకోను. గూటి దగ్గరికి వెళ్ళకూడదు. మనం దగ్గరికి వెళ్తే తల్లి లేచిపోతుంది, ఎండకు గుడ్డు పాడవుతుంది. ఆ ఏడాదికి ఉన్నది ఆ ఒక్క గుడ్డే. మంచి ఎగిరే ఫోటో కోసం రాయి వేసి లేపడం, డ్రోను పంపడం, మాంసం ముక్కలు ఎర వేయడం, ఇవన్నీ దొంగ పనులు. పక్షి తినడం మాని మీ వంక చూస్తోందంటే మీరు ఎక్కువ దగ్గరికి వెళ్ళారన్నమాట. రెండడుగులు వెనక్కి రండి. కళేబరాలున్న చోటికి పెద్దలు తోడు లేకుండా అసలే వెళ్ళవద్దు. అక్కడ కుక్కల గుంపులుంటాయి, అవి కరుస్తాయి. నేపాల్‌లోని పిఠౌలీ గ్రామంలో 2006 నుంచి, మందు అవశేషాలు లేని పశువుల కళేబరాలనే రాబందులకు పెడుతున్నారు. దాని పేరు 'జటాయు రెస్టారెంట్'! చూడవచ్చినవాళ్ళు చాటున ఉన్న గదిలో కూర్చుని చూస్తారు. పద్ధతి అంటే అది.

కెమెరా లేదని దిగులు పడేవాళ్ళకు ఒక పని చెబుతాను. ఉన్నవాళ్ళు కూడా చేయండి. ఇంట్లో ఉన్న పాత ఫోటోలు తీయండి, 1995కు ముందువి. పెళ్ళి ఫోటోలు, బడి ఫోటోలు, బావి దగ్గరో గుడి దగ్గరో దిగినవి. మనుషులను వదిలేసి వెనుక ఉన్న చెట్లనూ ఆకాశాన్నీ భూతద్దంతో చూడండి. ఏదైనా పక్షి కనిపిస్తే ఆ ఫోటో ఏ ఊళ్ళో, ఏ నెలలో తీశారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి కాగితం మీద రాయండి. "ఆ రోజుల్లో రాబందులు ఏ చెట్టు మీద వాలేవి తాతా?" అని కూడా అడగండి. కొత్తగా మీరు తీసే ఫోటోలకు కూడా తేదీ, సమయం, ఊరు, ఎన్ని పక్షులు, ఏం చేస్తున్నాయి అన్నవి వెంటనే రాసిపెట్టుకోండి.

మా గ్రూపు ఫోటో వెనుక స్టూడియో ఆయన తేదీ, బడి పేరు రాశాడు. ఎవరో మా పేర్లు వరుసగా రాశారు. వాటి కింద కాస్త ఖాళీ ఉంది. తరగతిలో అందరి ముందూ పెన్ను తీసి, "తాటిచెట్టు మీద రాబందులు, 3. జాతి తెలియదు" అని రాశాను. ఆ ప్రశ్న అడిగిన అమ్మాయి "సార్, నాలుగోది ఎగురుతోంది, ఆ మూలన చూడండి" అంది. చూశాను. అంచు దగ్గర సగం తెగిపోయి ఉంది. 3 కొట్టేసి 4 వేశాను.